మొరాయించిన బోల్టు

వానాకాలం వెళ్ళిన తరువాత పెరటి గది తాళంకప్ప తియ్యబోతే ఏమవుతుందో మీకు తెలుసు. తాళంచెవి లోపలికి దూరుతుంది గాని తిరగదు. నాన్నగారు చెవి వంగిపోయేటంత బలంగా తిప్పబోతారు. అప్పుడు మామ్మగారు అడ్డుకుని, "ఆగరా, నాలుగు చుక్కలు కిరసనాయిలు పోసి కాసేపు ఉండనియ్యి" అంటారు. కాసేపయ్యాక కప్పమీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయిస్తారు. ఆ పైన చెవిని ఒక్కసారిగా తిప్పకుండా ఇటు కొంచెం, అటు కొంచెం ఆడించమంటారు. ఆడించగా ఆడించగా తాళం టక్కున ఊడి వస్తుంది.

మామ్మగారు భౌతికశాస్త్రం చదువుకోలేదు. అయినా ఆమె చేయించిన మూడు పనుల్లోనూ మూడు శాస్త్ర సూత్రాలున్నాయి. వాటి సంగతి చూద్దాం. కాని తాళంకప్ప మరీ చిన్న విషయం. ఈ మూడు ఉపాయాలకీ ఒక పట్టాన లొంగని మొండిఘటం ఒకటుంది. పాత కారు కింద, చక్రం వెనక, బురదలో దాక్కుని ఉండే బోల్టు అది. చక్రం ఎంత వంపుగా నిలబడాలో నిర్ణయించేది ఆ బోల్టే. అది బిగుసుకుపోతే కారు చక్రాలు సరిచెయ్యడానికి వీలుండదు. బలవంతం చేస్తే విరుగుతుంది.

జపానులో హిరోషిమా ప్రాంతానికి చెందిన మాజ్దా కంపెనీ 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఒక చిన్న కారును చూపింది. రెండే సీట్లు, మడిచి వెనక్కి వేసుకునే గుడ్డ టాపు. పేరు ఎమ్ఎక్స్-5. జనం దాన్ని ఎంతగా మెచ్చుకున్నారంటే 2016 నాటికి పదిలక్షలో కారు తయారయింది. 1989 నుంచి 1997 వరకు వచ్చిన మొదటి తరం కార్లు ఇంగ్లండులో ఇప్పటికీ చాలా తిరుగుతున్నాయి. వాటి యజమానులు వాటిని పెంపుడు కుక్కల్లా చూసుకుంటారు. ఆ కారు కింద మనం చెప్పుకునే రకం బోల్టులు చక్రానికి రెండు చొప్పున మొత్తం 8 ఉంటాయి. కొత్తలో ఇవి చేతివేళ్ళంత సులువుగా తిరిగేవి. ఈనాడు ఒక పాత ఎమ్ఎక్స్-5 చక్రాలు సరిచేయించుకోవడానికి తీసుకువెళితే, ఆ ఎనిమిదింటిలో ఎన్ని తిరుగుతాయన్నదే మెకానిక్కు మొదట అడిగే ప్రశ్న.

పక్కకి జరిగిన బిళ్ళ

ముందు ఈ బోల్టు ఏం చేస్తుందో తెలుసుకోవాలి. ఒక దళసరి అట్టముక్క మీద 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి కత్తిరించండి. సరిగ్గా మధ్యలో కాకుండా, కేంద్రానికి 5 మిల్లీమీటర్లు పక్కన ఒక పెన్సిలు గుచ్చండి. ఇప్పుడు రెండు లావుపాటి పుస్తకాలను బల్లమీద 6 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి, బిళ్ళను వాటి మధ్య పడుకోబెట్టండి. పెన్సిలును పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. బిళ్ళ రెండు గోడల మధ్య ఇరుక్కుని ఉంది కాబట్టి అది పక్కకి కదలలేదు. కదిలేది పెన్సిలే! ఒకసారి ఈ పుస్తకం వైపు 5 మిల్లీమీటర్లు, సగం చుట్టు తిరిగేసరికి ఆ పుస్తకం వైపు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది.

ఇలాంటి బిళ్ళను ఉత్కేంద్ర చక్రం అంటారు. 'కేంద్రం తప్పినది' అని అర్థం. కారు బోల్టు తలకాయకి సరిగ్గా ఇలాంటి ఉక్కు బిళ్ళ అతికి ఉంటుంది. మీ పెన్సిలు స్థానంలో బోల్టు కాడ ఉంటుంది. పుస్తకాల స్థానంలో కారు చట్రం మీద రెండు చిన్న గట్లు ఉంటాయి. చట్రానికి ఉన్న రంధ్రం గుండ్రంగా కాక, బోల్టు పక్కకి జరగడానికి వీలుగా కోలగా ఉంటుంది. రెండో కొసన నట్టు కింద కూడా ఇలాంటిదే ఇంకొక బిళ్ళ. దాని అంచున గడియారం మీద లాగా గీతలుంటాయి. ఎంత తిప్పామో ఆ గీతలు చూసి చెప్పవచ్చు.

ఈ బోల్టు కారు చట్రాన్నీ, చక్రాన్ని మోసే ఉక్కు చేతినీ కలుపుతుంది. మెకానిక్కులు దాన్ని 'లోయర్ ఆర్మ్' అంటారు. మనం చెయ్యి అనే అందాం. మన చెయ్యి భుజం దగ్గర తిరిగినట్టే ఆ ఉక్కు చెయ్యి బోల్టు చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంది. కారు గుంటలో పడితే చక్రం మాత్రమే లేచి పడి, లోపల కూర్చున్నవాళ్ళు ఎగిరిపడకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. బోల్టు పక్కకి జరిగితే భుజమే జరిగినట్టు. చెయ్యి బయటికి గాని లోపలికి గాని పోతుంది. చేతి చివర ఉన్న చక్రం అడుగుభాగం కూడా పోతుంది. పైభాగం ఉన్నచోటే ఉంటుంది కాబట్టి చక్రం వంగుతుంది.

ఎంత వంగుతుంది? చిన్న లెక్క వేద్దాం. బోల్టును మధ్య స్థానం నుంచి 30 డిగ్రీలు తిప్పామనుకోండి. సైన్ 30 డిగ్రీలు అంటే సగం. కాబట్టి 5 మిల్లీమీటర్లలో సగం, 2.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. చక్రాన్ని పట్టుకున్న పైకీలుకీ కింది కీలుకీ మధ్య దూరం 250 మిల్లీమీటర్లు అనుకుందాం. 2.5 ని 250 తో భాగిస్తే 0.01. ఇది రేడియన్లలో కోణం. ఒక రేడియను అంటే సుమారు 57 డిగ్రీలు కాబట్టి చక్రం వంపు 0.57 డిగ్రీలు మారింది. (ఈ 5, 250 అనే అంకెలు లెక్క తేలికగా ఉండడానికి నేను తీసుకున్నవి. ఒక్కొక్క కారుకి ఒక్కొక్కలా ఉంటాయి.)

అరడిగ్రీ వంపు ఒక లెక్కా అంటారేమో! చక్రం నిట్టనిలువుగా ఉందా, పక్కకి వాలిందా అన్నదాన్ని కాంబర్ అంటారు. ముందునుంచి చూస్తే కనిపించే వాలు అది. పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయా, లేక కొందరు పాదాలు లోపలికి తిప్పి నడిచినట్టు ముక్కులు దగ్గరికి చేర్చాయా అన్నది టో. మూడోది కాస్టర్. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా కాక కాస్త వెనక్కి ఏటవాలుగా ఉంటుంది చూశారా? దానివల్లే చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ప్రయత్నిస్తుంది. కారుకీ ఆ ఏటవాలు ఉంది. ఎమ్ఎక్స్-5 లో ముందు చేతికున్న రెండు బోల్టులు కాంబర్‌నూ కాస్టర్‌నూ, వెనక చేతికున్న రెండూ కాంబర్‌నూ టోనూ సరిచేస్తాయి. రెండు బోల్టులనూ ఒకే వైపు జరిపితే చెయ్యి మొత్తం జరుగుతుంది. ఒకదాన్ని బయటికీ ఒకదాన్ని లోపలికీ జరిపితే చెయ్యి మెలితిరుగుతుంది.

టో తప్పిన చక్రం సంగతి వినండి. చక్రం తాను పోవలసిన దిక్కుకి ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉందనుకోండి. సైన్ 1 డిగ్రీ విలువ 0.01745. అంటే కారు ఒక కిలోమీటరు ముందుకి పోయేసరికి, ఆ టైరు దొర్లుతూనే, మొత్తం మీద 17 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా ఈడ్వబడుతుంది! పది కిలోమీటర్లకి 170 మీటర్లు. పెన్సిలు చెరిపే రబ్బరును తారురోడ్డు మీద 170 మీటర్లు రాస్తే ఏం మిగులుతుందో ఆలోచించండి. అందుకే అటువంటి టైరు ఒక అంచున ఈకలు తేలినట్టు అరిగిపోతుంది. చెప్పు అరిగిన తీరు చూసి చెప్పులు కుట్టే ఆయన మీ నడక ఎలాంటిదో చెప్పినట్టు, టైరు అరిగిన తీరు చూసి ఏ కోణం తప్పిందో మెకానిక్కు చెప్పగలడు. తడిరోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు అలాంటి కారు పక్కకి లాగుతుంది. అదీ అరడిగ్రీ విలువ.

గాలి తగలని చోట

ఇప్పుడు తుప్పు దగ్గరికి వద్దాం. ఇనుము తుప్పు పట్టడానికి నీరూ, ఆక్సిజనూ రెండూ కావాలని మీరు పాఠంలో చదువుకున్నారు. నిజమే. మరి గాలి బాగా తగిలేచోట ఇనుము ఎక్కువ తినిపోవాలి కదా? అక్కడే ఉంది తిరకాసు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1920 దశకంలో ఒక సులువైన ప్రయోగం చేసి చూపించాడు. శుభ్రమైన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేశాడు. చుక్క అంచున నీరు పలచన, గాలి తేలికగా చొరబడుతుంది. మధ్యలో నీరు లోతు, గాలి అందదు. కొంతసేపటికి చూస్తే ఇనుము కరిగిపోతున్నది అంచున కాదు, గాలి అందని మధ్యభాగంలో! అంచున ఆక్సిజను ఎలక్ట్రానులను తీసుకుంటుంది. ఆ ఎలక్ట్రానులను మధ్యలో ఉన్న ఇనుము పోగొట్టుకుని అయానులుగా నీటిలోకి దిగుతుంది. చుక్కంత చోటులో ఒక బుల్లి బ్యాటరీ పనిచేస్తోందన్నమాట. మధ్య నుంచి వచ్చే ఇనుమూ అంచు నుంచి వచ్చే హైడ్రాక్సైడూ కలుసుకునే చోట ఎర్రని తుప్పు వలయంగా పేరుకుంటుంది. మీ సైన్సు మాస్టారు ఒప్పుకుంటే, ఫినాఫ్తలీనూ పొటాషియం ఫెర్రిసయనైడూ కలిపిన ఉప్పునీటితో దీన్ని ప్రయోగశాలలో చెయ్యవచ్చు. మధ్యలో నీలం, అంచున గులాబి రంగు వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది.

మన బోల్టుకి ఇందులో ఏం సంబంధం? ఉక్కు చేతి కొసన, బోల్టు దూరే చోట, ఒక రబ్బరు బుష్ ఉంటుంది. రబ్బరు మధ్యలో ఒక ఉక్కు గొట్టం. ఆ గొట్టంలోంచి బోల్టు పోతుంది. గొట్టానికీ బోల్టుకీ మధ్య సందు వెంట్రుకంత. వాననీరు కొసల నుంచి కేశనాళికీయత వల్ల, అంటే దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు, ఆ సందులోకి పాకిపోతుంది. ఒకసారి పాకిందంటే ఆరదు. లోపల గాలి అందదు. ఎవాన్స్ చూపిన చుక్క మధ్యభాగం ఇదే! బోల్టు తలకాయ బయట నిగనిగలాడుతూ ఉండవచ్చు. లోపల మాత్రం ఇనుము కరుగుతూ ఉంటుంది.

తుప్పుకి ఇంకొక దుర్గుణం ఉంది. అది తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. తుప్పులో సాధారణంగా ఉండే గోథైట్ అనే పదార్థమైతే సుమారు మూడు రెట్లు. సందు 0.1 మిల్లీమీటరు, అంటే ఒక కాగితమంత మందం అనుకోండి. 0.05 మిల్లీమీటరు ఇనుము తినిపోతే దాని స్థానంలో 0.15 మిల్లీమీటరు మందాన తుప్పు పుడుతుంది. ఖాళీ అయిన 0.05 నీ, ముందే ఉన్న 0.1 సందునూ కలిపి చూడండి. సరిగ్గా నిండిపోయింది! కాగితంలో సగం మందం ఇనుము పోతే చాలు, బోల్టూ గొట్టమూ ఒకటైపోతాయి. ఆ తరువాత పుట్టే తుప్పుకి చోటు లేదు కాబట్టి అది రెండింటినీ గట్టిగా నొక్కుతుంది. కాంక్రీటులో ఇనుప చువ్వలు తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడడానికి కారణం కూడా ఈ ఒత్తిడే.

మరి ఇంగ్లండు కార్లకే ఈ జబ్బు ఎందుకంత ఎక్కువ? అక్కడ చలికాలంలో రోడ్ల మీద నీరు గడ్డకట్టి చక్రాలు జారతాయి. దానికి విరుగుడుగా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీల దగ్గర గడ్డకట్టదు. నూటికి 23 పాళ్ళు ఉప్పున్న నీరైతే మైనస్ 21 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది. ఈ ఉప్పు చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వస్తుంది. 1844 లో తవ్వడం మొదలుపెట్టారు. సుమారు 22 కోట్ల సంవత్సరాల క్రితం ఇంకిపోయిన సముద్రం అక్కడ భూమి అడుగున ఉప్పు పొరగా మిగిలింది. ఆనాటి సముద్రపు ఉప్పు ఈనాడు కారు బోల్టులో దూరుతోందంటే చిత్రంగా లేదూ! ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఆ బుల్లి బ్యాటరీ జోరుగా పనిచేస్తుంది. పైగా, గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటితే ఉప్పు తనంతట తానే తేమను లాక్కుని చెమరుస్తుంది. వేసవి వచ్చినా సందు ఆరదు. మన రోడ్ల మీద ఎవరూ ఉప్పు చల్లరు గాని, భీమిలిలోనో మచిలీపట్నంలోనో కిటికీ చువ్వలను చూసినవారికి ఉప్పుగాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రబ్బరు చెప్పే రహస్యం

సరే, కారును పైకి లేపారు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఏ మెకానిక్కూ దూరడు, దూరకూడదు. జాకీ జారిందంటే టన్ను బరువు మీద పడుతుంది. కింద బలమైన స్టాండులు పెట్టాకనే పని. మీరు చూడదలచుకుంటే దూరం నుంచి చూడండి.

మెకానిక్కు నట్టుకి స్పానరు వేసి తిప్పుతాడు. నట్టు వచ్చేస్తుంది! 'ఇంతేనా' అనిపిస్తుంది. తరువాత బోల్టు తలకాయను తిప్పుతాడు. అది కూడా తిరుగుతుంది. కాని చెయ్యి వదలగానే బోల్టు తనంతట తాను వెనక్కి తిరిగి మొదటి చోటికే వస్తుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ వెనక్కి. ఎవరో లోపల కూర్చుని వెనక్కి లాగుతున్నట్టుంటుంది.

లోపల లాగుతున్నది రబ్బరు. బోల్టు గొట్టంలో తిరగడం లేదు. గొట్టాన్నే పట్టుకుని తిరుగుతోంది. గొట్టానికి రబ్బరు అతికి ఉంది. రబ్బరు మెలికపడి, వదలగానే విప్పుకుంటోంది. అనుభవం ఉన్న మెకానిక్కు ఈ ఒక్క లక్షణం చూసి, జబ్బు మరల దగ్గర కాదు, గొట్టం లోపల, పొడుగునా ఉంది అని తేల్చేస్తాడు. నాడి చూసి జ్వరం చెప్పినట్టే.

ఇక్కడ నుంచి మామ్మగారి ఉపాయాలు మొదలవుతాయి. మొదటిది నూనె. నీటి తలతన్యత ఎక్కువ, కిరసనాయిలుది అందులో సుమారు మూడో వంతు. తలతన్యత తక్కువైన ద్రవం లోహం మీద బాగా పరుచుకుని ఎంత సన్నని సందులోకైనా పాకుతుంది. తుప్పులో సన్నని పగుళ్ళుంటాయి కాబట్టి వాటిలోకి దిగి, రేణువుల మధ్య జారుడు కలిగిస్తుంది. అక్కడి మెకానిక్కులు వాడే చిమ్మే డబ్బాల్లో పేరుపడ్డది డబ్ల్యూడీ-40. 1953 లో అమెరికాలోని శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ తయారుచేసింది. నీటిని తోసివేసే ద్రవం కోసం చేసిన ప్రయత్నాలలో నలభయ్యోది ఫలించిందట. అందుకే పేరులో 40 ఉంది. మొదట దాన్ని అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా పూశారు. ఏ నూనెకైనా కావలసింది ఓపిక. పోసిన ఐదు నిమిషాలకే తిప్పబోయేవాడికంటే, సాయంత్రం పోసి పొద్దున్న తిప్పేవాడే తెలివైనవాడు. అయితే మన గొట్టం పొడుగాటిది. రెండు కొసల నుంచీ పాకినా నూనె మధ్యదాకా చేరడం కష్టం.

రెండోది దెబ్బ. ఉక్కు సాగుతుంది, వంగుతుంది. తుప్పు పెళుసు. మట్టికుండ మీద నెమ్మదిగా బరువు పెడితే ఓర్చుకుంటుంది, చిన్న దెబ్బకి పగులుతుంది. అలాగే తుప్పు కూడా. మూడోది, అటూ ఇటూ ఆడించడం. ముందు విప్పే దిశలో కాక బిగించే దిశలో రవంత తిప్పుతారు. ఇది చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు. నిజానికి ఏ దిశలో కదిలినా తుప్పు పట్టు తెగుతుంది. తెగిన పొడి ఒకేచోట పోగుపడి మళ్ళీ ఇరుక్కోకుండా వెనక్కీ ముందుకీ ఆడిస్తారు.

ఇక్కడే చాలామంది ఓపిక నశించి నాలుగో ఉపాయానికి దిగుతారు. స్పానరుకి గొట్టం తగిలించి పొడుగు చేస్తారు. 30 సెంటీమీటర్ల స్పానరు కొసను 200 న్యూటన్ల బలంతో లాగితే 60 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తుంది. అదే బలం ఒక మీటరు గొట్టం కొసన పెడితే 200. మీ బలం పెరగలేదు, దూరం పెరిగింది. బాగానే ఉంది, కాని బోల్టు ఎంత ఓర్చుకుంటుంది? మెలికను తట్టుకునే శక్తి కాడ వ్యాసం యొక్క మూడో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 12 మిల్లీమీటర్ల కాడ తుప్పుకి తినిపోయి 10 అయిందనుకోండి. వ్యాసం ఆరో వంతే తగ్గింది. కాని 10 బై 12 ని మూడుసార్లు గుణిస్తే 0.58. బలం సగానికి దగ్గరగా పడిపోయింది! మీటరు గొట్టం పట్టుకున్నవాడికి ఈ సంగతి తెలియదు. బోల్టు మొదట కొంచెం మెత్తగా తిరిగినట్టు అనిపిస్తుంది. 'వచ్చేస్తోంది' అని సంబరపడతాడు. నిజానికి అది తిరగడం కాదు, కాడ మెలిబడడం. మరుక్షణం తలకాయ ఊడి చేతికొస్తుంది.

వేడి చేస్తే? ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన పొడుగులో పదిలక్షలకి 12 వంతులు వ్యాకోచిస్తుంది. 12 మిల్లీమీటర్ల రంధ్రమున్న నట్టును 400 డిగ్రీలు వేడిచేస్తే రంధ్రం 0.06 మిల్లీమీటరు పెద్దదవుతుంది. కొంచెమే, కాని తుప్పు పొర పగలడానికి అది చాలు. మామూలు నట్టులకి ఇది చక్కని వైద్యం. మన బోల్టు మాత్రం రబ్బరు కౌగిలిలో ఉంది. మంట పెడితే బోల్టుకంటే ముందు రబ్బరు కాలి నల్లటి పొగ లేస్తుంది. ముందు పోసిన నూనె అంటుకునే ప్రమాదమూ ఉంది. రబ్బరు ఎలాగూ మార్చదలచుకున్నవాడు తప్ప ఈ పని చెయ్యడు.

కొయ్యక తప్పనప్పుడు

అన్నీ అయ్యాక మిగిలేది రంపం. ఉక్కు చేతికీ చట్రానికీ మధ్య, గొట్టం కొసన, రంపపు బ్లేడు దూరేటంత సన్నని సందు దొరుకుతుంది. అందులోంచి బోల్టును అటొక కోత, ఇటొక కోత కోసేస్తారు. మంచి ఉక్కు కాబట్టి తొందరపడితే బ్లేడు పళ్ళు కాలి మొద్దుబారతాయి. నెమ్మదిగా, నూనె వేస్తూ కొయ్యాలి. గ్రైండరు అయితే త్వరగా అవుతుంది గాని రవ్వలు ఎగురుతాయి. వెనక చక్రం దగ్గరే పెట్రోలు ట్యాంకు ఉంటుందని మరచిపోకూడదు. కోసేముందు తెలివైనవాడు బిళ్ళ ఏ గీత దగ్గర ఉందో రంగుతో గుర్తు పెట్టుకుంటాడు.

రెండు కోతలూ అయ్యాక చెయ్యి కిందికి దిగుతుంది. బుష్ మధ్యలో బోల్టు ముక్క ఇంకా ఇరుక్కునే ఉంటుంది. దాన్ని తీయడానికి కుస్తీ పట్టనక్కరలేదు. బుష్‌తో సహా ప్రెస్సులో పెట్టి నొక్కి తోసేసి, కొత్త బుష్ ఎక్కిస్తారు. బోల్టు పోయింది గాని చట్రమూ చెయ్యీ దక్కాయి. బోల్టు అంగడిలో దొరుకుతుంది. చట్రం దొరకదు.

కొత్త బోల్టు కాడకి రాగి పొడి కలిపిన గ్రీజు పూస్తారు. సందంతా గ్రీజుతో నిండితే నీటికి చోటుండదు. అయితే మరల మీద ఇష్టం వచ్చినట్టు పూయకూడదు. నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే టార్క్‌లో పదింట తొమ్మిది వంతులు ఘర్షణకే పోతుంది. ఒక్క వంతే బోల్టును సాగదీసి బిగువునిస్తుంది. గ్రీజు వల్ల ఘర్షణ తగ్గితే, అదే టార్క్‌కి బోల్టు చాలా ఎక్కువగా సాగుతుంది. పొడిమరలకి చెప్పిన లెక్క జిడ్డుమరలకి వర్తించదు.

బిగించడంలో ఇంకొక కిటుకుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. కారు స్టాండుల మీద ఉన్నప్పుడు చక్రాలు వేలాడుతుంటాయి. చేతులు కిందికి దిగి ఉంటాయి. ఆ స్థితిలో నట్టు బిగిస్తే గొట్టం ఆ కోణంలోనే పట్టుకుపోతుంది. కారును నేలమీదికి దింపగానే చెయ్యి పైకి లేస్తుంది, రబ్బరు మెలికపడుతుంది. కారు నిలబడి ఉన్నంతసేపూ, రాత్రంతా, అది మెలికలోనే ఉంటుంది. తడిబట్టను పిండి అలాగే వదిలేసినట్టు. కొద్ది నెలల్లో కొత్త రబ్బరు చిరుగుతుంది. అందువల్ల స్టాండుల మీద నట్టును చేతి బిగువు మాత్రమే ఉంచి, కారు బరువు చక్రాల మీద పడిన తరువాత చివరి బిగింపు చేస్తారు.

ఆఖరున కారు వీల్ అలైన్‌మెంట్ బల్ల ఎక్కుతుంది. పాత గుర్తు కొంతవరకే పనికొస్తుంది. బుష్ కొత్తది కాబట్టి కోణాలు మళ్ళీ కొలవాలి. ఒకరు అంకెలు చదువుతుంటే ఒకరు బోల్టు తలకాయను రవ్వంత రవ్వంత తిప్పుతారు. ఒక చక్రానికి ఉన్న రెండు బోల్టులలో ఒకటి కదిలిస్తే రెండో కోణం కూడా కొంచెం చెదురుతుంది. అందుకని దానికీ దీనికీ మధ్య నాలుగైదుసార్లు తిరగవలసి వస్తుంది. మధ్య స్థానం దగ్గర బిళ్ళ కొంచెం తిరిగినా బోల్టు చాలా జరుగుతుందని మీ అట్టబిళ్ళ చెప్పింది కదా. 30 డిగ్రీలకే సగం దూరం. మిగతా సగానికి ఇంకా 60 డిగ్రీలు తిప్పాలి. అలైన్‌మెంట్ చేసేవాడి చేతికి ఈ తేడా లెక్క లేకుండానే తెలుస్తుంది.

మీరు ఇంటి దగ్గర చేసి చూడదగ్గది ఒకటుంది. పూత లేని రెండు ఇనుప బోల్టులు, వాటికి సరిపడే నట్టులు కొనండి. మెరిసే పూత ఉన్నవి వద్దు, అవి త్వరగా తుప్పు పట్టవు. ఒకదాని మరలకి గ్రీజు దట్టించి, ఒకదానికి ఏమీ పూయకుండా, నట్టులు వేళ్ళతో తిరిగినంతవరకు బిగించండి. రెండింటినీ రోజూ పొద్దున్న ఉప్పునీటిలో ముంచి, తీసి ఒక పళ్ళెంలో ఉంచండి. మూడు వారాల తరువాత రెండు నట్టులనూ చేత్తో విప్పడానికి ప్రయత్నించండి. రానిదాన్ని గొట్టం తగిలించి లాగకండి. కిరసనాయిలు పోసి, ఒక రాత్రి ఆగి, చిన్న దెబ్బ వేసి, ముందు బిగించే వైపు కదపండి. ఏ ఉపాయానికి అది లొంగిందో నోటుబుక్కులో రాసుకోండి. దగ్గర ఒక పాతగుడ్డ ఉంచుకోవడం మంచిది. తుప్పు మరక చొక్కాకి అంటితే సబ్బుకి పోదు, నిమ్మకాయ రసం కావలసి వస్తుంది.